దారి కొమ్మలు

ఉమియో,
డిసెంబర్

అన్నయ్యకి,

ఇక్కడ వాన పడుతోంది. డిసెంబర్ నెలలో వాన! నా గది కిటికీ అవతల సైకిళ్లు పెట్టే చోట నీళ్లు నిలిచాయి. క్లాసులో అందరూ కోట్లు విప్పుకుని తిరుగుతున్నారు. నిన్న ఒకమ్మాయి నా పక్కన కూర్చుని, "ఈసారి చలికాలం ఎంత హాయిగా ఉందో! మీ ఉత్తరాన కూడా వెచ్చబడి ఉంటుంది, పాపం మీవాళ్లకి ఊరట" అంది. ఏమీ అనకుండా ఊరుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే మండుతోంది.

అదే రోజు మాష్టారు గోడ మీద ఒక పటం వేశారు. చలికాలం ఎక్కడెక్కడ ఎంత వేడెక్కిందో రంగుల్లో చూపించే పటం. మన సోల్యావ్రి ఉన్నచోట కాలిన చర్మంలా ఎర్రగా ఉంది. ఆయన సరిగ్గా అక్కడే కర్రతో పొడిచి, "ఈ ప్రాంతం అమ్మాయి మన క్లాసులోనే ఉంది. రిస్తిన్, మీ ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు?" అని అడిగారు. అందరూ నావైపు తిరిగారు. నేను లేచి నిలబడి, "అంతా బాగుందని మా అన్నయ్య రాశాడు" అన్నాను. క్లాసంతా నవ్వింది.

నిజంగా బాగుందా? నువ్వు అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు గుండ్రంగా వస్తాయి. పోయిన ఉత్తరం చూస్తే బళ్లో పంతులమ్మ రాసినట్టుంది. నాన్న పోయాక దుప్పుల మంద భారమంతా నీ మీద పడింది, నాకు తెలుసు. మన ఇంట్లో ఇంత దూరం చదువుకోవడానికి వచ్చింది నేనొక్కదాన్నే. నేను దిగులు పడకూడదని దాస్తున్నావని కూడా తెలుసు. కానీ నేను ఇక్కడ చదివేది మంచు గురించే కదా! నా ఇంటి మంచు ఎలా ఉందో నాకు తప్ప అందరికీ తెలిస్తే ఈ చదువెందుకు?

మంచు మీద వాన పడిందా? పడ్డాక చలి మళ్లీ బిగిసిందా? దుప్పులు మంచు తవ్వుకుని తినగలుగుతున్నాయా? నా దుప్పి తెల్లమూతి ఎలా ఉంది? అత్త కళ్లు ఎలా ఉన్నాయి?

ఫోన్ చేయను. నచ్చని మాట రాగానే "సిగ్నల్ పోతోంది" అని పెట్టేస్తావు. ఉత్తరానికి సిగ్నల్ పోదు.

నీ చెల్లెలు,
రిస్తిన్


సోల్యావ్రి గుడిసె,
జనవరి

మా పండితురాలికి,

అక్షరాలు వంకరగా ఉన్నాయి, చూసుకో. ఇక అడిగినవాటికి జవాబులు.

వాన పడింది. క్రిస్మస్ మర్నాడు మొదలై ఒకటే ధార. ముక్కు బయటపెడితే ఊడిపోయేంత చలి ఉండాల్సిన రోజుల్లో చూరు కారుతుంటే అత్త గుడిసెంతా గిన్నెలు పెట్టింది. తర్వాత చలి ఒక్కసారిగా తిరిగొచ్చింది. నానిన మంచంతా గాజు పలకైపోయింది. ఆ పలక కిందే దుప్పులు తినే నేల నాచంతా ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని పారతో కొడితే పార ఎగిరొచ్చి నా గడ్డానికే తగిలింది.

దుప్పులు ముందరి కాళ్లతో గీకుతాయి, ఆగి వాసన చూస్తాయి, మళ్లీ గీకుతాయి. కింద తిండి ఉందని వాటికి తెలుస్తూనే ఉంటుంది. గిట్టల దగ్గర మంచు ఎర్రబడింది. కొన్ని గీకడం మానేసి ఊరికే నిలబడ్డాయి. గీకేవాటికన్నా ఆ నిలబడ్డవాటిని చూస్తేనే నాకు భయం.

అత్త పొద్దున లేచింది మొదలు ఒకటే పోరు. "కంచె తీసెయ్‌రా, బెల్లో కొండకి వదిలెయ్. ముసలి పైన్ చెట్లకి గడ్డాలు వేలాడుతున్నాయి, అవి తిని బతుకుతాయి" అంటుంది. ఆ చెట్టుగడ్డం అంటే మీ పుస్తకంలో ఏదో పొడుగాటి పేరుంటుందిలే. కొమ్మలకి వేలాడే నల్ల నాచు, నువ్వు చిన్నప్పుడు మీసాలు పెట్టుకుని ఆడినదే.

"వదిలితే పక్కవాళ్ల మందలో కలిసిపోతాయి అత్తా. వసంతం వచ్చాక చెవులకి కోసిన ఎవరి గుర్తు వాళ్లు చూసి విడదీసుకోలేక చస్తాం" అన్నాను.

"చెవి ఉండాలంటే ముందు దుప్పి బతికుండాలిరా సన్నాసీ!" అంది.

నేను తీయలేదు. కడుపుతో ఉన్నవాటికి కొండెక్కే ఓపిక లేదు. వాటిని కంచెలోనే ఉంచి దాణా పెడతాను. దాణా వస్తోంది. ఎక్కడినుంచి అని అడగకు.

తెల్లమూతి బాగుంది. నిన్న నా చేతి తొడుగు నమిలేసింది. నువ్వు చదువుకో. ఇక్కడ కూర్చుని ఏడవడానికి నేనూ అత్తా చాలు. వెచ్చగా ఉంటే మాకు ఊరట అన్న ఆ అమ్మాయిని ఒకసారి వచ్చి పార పట్టుకోమను.

నీలాస్


ఉమియో,
జనవరి చివర

అన్నయ్యకి,

అడగకు అన్నావు కాబట్టి అడుగుతున్నాను. దాణా ఎక్కడిది?

ఇక్కడ దాణా అమ్మే రెండు చోట్లకీ ఫోన్ చేశాను. ఉత్తరాన ఉన్న మందలన్నిటికీ ఇదే గతి పట్టింది, గోదాములు ఖాళీ, మార్చి దాకా గింజ కూడా లేదన్నారు. ప్రభుత్వ ఆఫీసుకి చేస్తే అక్కడి గుమాస్తా, "నష్టం చూడటానికి మనిషి రావాలి, అప్పటిదాకా ఆగండి" అన్నాడు. "మనిషి వచ్చేదాకా ఆగమని దుప్పులకి మీరే చెప్పండి" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. నీ వంశం వాడేమో.

అత్తకి చేస్తే, "మీ అన్ననే అడుగు" అంది. మనం ఆపమన్నా ఆగని అత్త ఇంత చిన్న మాటతో ఆపిందంటే ఏదో జరిగింది. ఎవరికీ దొరకని దాణా నీకెలా దొరికింది? దానికి బదులు ఏమిచ్చావు?

ఇంకో మాట, ఇది చదువు మాట అని తీసిపారేయకు. ఎండిపోయిన దుప్పికి ఒక్కసారిగా దాణా పెడితే కడుపు దాన్ని అరిగించుకోలేదు. నిండు కడుపుతోనే చచ్చిపోతుంది. చెట్టుగడ్డం కలిపి కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యి. అత్త చెప్పినట్టు కొన్నిటినైనా కొండకి వదులు.

నన్ను రమ్మంటే వస్తాను. పరీక్షలు మళ్లీ రాసుకోవచ్చు.

రిస్తిన్


సోల్యావ్రి గుడిసె,
ఫిబ్రవరి

రిస్తిన్‌కి,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. అప్పటికే కొన్ని పడిపోయాయి.

దాణా కలప కంపెనీది. రూనే అని వాళ్ల మనిషి, నీకు గుర్తుండే ఉంటాడు, నాన్న బతికున్నప్పుడు పటాలు పట్టుకుని తిరిగేవాడు. రోడ్డు దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు. వెళ్తే తన ట్రక్కులో కూర్చోబెట్టి ఫ్లాస్కులోంచి కాఫీ పోశాడు. "మీ కష్టం చూడలేకపోతున్నాం నీలాస్, దక్షిణాన మా దగ్గర దాణా ఉంది, రేపే పంపుతాం" అన్నాడు. ఆ తర్వాత కాగితం తీశాడు. బెల్లో కొండ మీద మేపుకునే హక్కు మనది కదా, అక్కడి అడవి కొట్టుకోవడానికి మన కుటుంబానికి అభ్యంతరం లేదని.

పెట్టాను సంతకం. ఆ కంచె దగ్గర నువ్వు నిలబడి ఉంటే నువ్వూ పెట్టేదానివి. చచ్చిన మందకి అడవి ఎందుకు? నాకు ఆ రోజు అడవి కనబడలేదు. నిలబడిపోయిన దుప్పులే కనబడ్డాయి.

దాణా వచ్చింది. ఎగబడి తిన్నాయి. అత్త కూడా ఆ పూట తిట్టలేదు. మూడో నాటికి పొట్టలు ఉబ్బాయి. నువ్వు రాసినట్టే జరిగింది, నిండు కడుపుతో పడిపోయాయి. కోసి చూస్తే దాణా గింజలు అలాగే ఉన్నాయి, ఒక్కటీ అరగలేదు.

తెల్లమూతి కూడా పోయింది. పోయిన ఉత్తరంలో బాగుందని రాసినప్పుడే అది నిలబడిపోయి ఉంది. నీ పేరు పెట్టిన రోజు నాన్న నీకిచ్చిన దుప్పి సంతానంలో అదే ఆఖరుది. నీ గుర్తున్న చెవులు కోసి ఎండబెట్టాను. గుమ్మం పక్కన మేకుకి ఉన్నాయి.

ఆ రోజే కంచె పీకేశాను. కదల్లేదవి. బయట ఏముందో తెలియనట్టు చూస్తూ నిలబడ్డాయి. రంపం మిషన్ భుజాన వేసుకుని కొండెక్కి, గాలికి పడిపోయిన పైను దగ్గర దాన్ని మోగించాను. ఆ మోత వినగానే పైకి రావడం మొదలుపెట్టాయి. తూలుతూ, పడుతూ, లేస్తూ. రంపం మోగితే చెట్టు పడుతుంది, చెట్టు పడితే గడ్డం అందుతుంది, వాటికి తెలిసింది అంతే. అది ఎవరి మోతో, దాని వెనక ఏం వస్తుందో వాటికి తెలియదు. నాకు తెలుసు.

ఇప్పుడు మిగిలినవి బెల్లో అడవిలోనే ఉన్నాయి. నేను అమ్మేసిన అడవి వాటిని మేపుతోంది. ఈ ముక్క నువ్వు రాయకముందే నేనే రాస్తున్నాను.

రావద్దు. వచ్చినా చూడటానికేం లేదు.

నీలాస్


ఉమియో,
ఫిబ్రవరి

నీలాస్,

నీ ఉత్తరం చదివి బల్ల కింద పడేశాను. మళ్లీ తీసి చదివాను. మళ్లీ పడేశాను.

ఆ మందలో నా గుర్తు లేదా? నాకు నడక రాకముందే నా చెవి గుర్తు నాకుంది. బతికున్న దుప్పుల సంగతిలో నా గుర్తు నీకు గుర్తు రాలేదు, చచ్చినదాని చెవులు కోసేటప్పుడు వచ్చిందా? అత్తనడిగావా? నన్నడిగావా? ఒక్క ఫోన్, నీలాస్. ఒక్కసారి సిగ్నల్ ఉన్నట్టు నటించి ఉంటే సరిపోయేది.

బెల్లో పైన్లు మన ముత్తాతకన్నా ముందువి. కొట్టిన చోట మళ్లీ మొక్కలు నాటుతామని చెప్పి ఉంటాడు ఆ రూనే. నాటుతారు. వాటికి గడ్డం వేలాడేనాటికి మనమూ ఉండం, మన మనవలూ ఉండరు. మళ్లీ మంచు మీద వాన పడితే ఎక్కడికి తోలతావు? పడుతుంది, రాసిపెట్టుకో. నేను ఇక్కడ చదివేదంతా అదే.

కంపెనీకి రాశాను. ఈ ఒప్పందం నాకు సమ్మతం కాదని. చాలా మర్యాదగా జవాబిచ్చారు. మీ అన్నగారి సంతకం సరిపోతుందట. నా చదువుకి శుభాకాంక్షలట.

నాకు తెలుసు, వాన కురిపించింది నువ్వు కాదు. ఎక్కడో వెచ్చటి ఊళ్లల్లో పొగ వదులుతూ తిరిగేవాళ్లు, మన పేరు కూడా వినని వాళ్లు, వాళ్లే మన చలిని తినేస్తున్నారు. వాళ్లని ఎక్కడికెళ్లి నిలదీయను? వాళ్లకి ముఖం లేదు. చేతికి దొరికినవాడివి నువ్వే.

నేనిక రాయను. చెవుల్ని ఆ మేకు మీదినుంచి తీసెయ్. వచ్చేపోయేవాళ్లు చూడటానికి అవి అలంకారం కాదు.

రిస్తిన్


సోల్యావ్రి గుడిసె,
మార్చి

మా చిన్నదానికి, నీ బిరెత్ అత్త చెప్పి రాయిస్తున్న ఉత్తరం. కళ్లు బొత్తిగా ఆనడం లేదు కాబట్టి చెయ్యి ఈ వెధవది, మాట నాది.

ముందు ఇది రాయరా: మీ అన్న కొమ్ములూడిన దుప్పి. తల ఉంది, తలలో ఏమీ లేదు. రాశావా? చదువు చూద్దాం. ఆఁ, సరే. (నేను ఉన్నదున్నట్టే రాస్తున్నాను. నీలాస్)

నువ్వు రాయనన్నావట. మీ నాన్న కూడా ఇంతే, అలిగితే వేసవిదాకా మాట్లాడేవాడు కాదు. నేను అలగను, తిడతాను, అందుకే ఇంకా బతికున్నాను.

విను. అడవి కొట్టడానికి యంత్రాలొచ్చాయి. రోడ్డుకీ మనకీ మధ్య ఊబి ఉందిగా. ఇదివరకు ఈపాటికి రాయిలా గడ్డకట్టి, ఇల్లు కట్టినా మోసేది. ఈ ఏడు చలి రాకముందే మంచు పడిపోయి దాన్ని దుప్పటిలా కప్పేసింది, ఆపైన వాన. పైన చూస్తే గట్టి, కింద గంజి. మొదటి యంత్రం నాలుగు అడుగులు వేసి పొట్టదాకా దిగిపోయింది. ఎంత మోత మోగిందనుకున్నావు! ఆ మోత విని కొండ మీది మన దుప్పులన్నీ కిందికొచ్చాయి. దిగబడ్డ యంత్రానికి ఎదురుగా గట్టున వరసగా నిలబడి, చెట్టెప్పుడు పడుతుందా అని చూస్తున్నాయట. నాకు కనబడలేదు, వీడు చెబుతుంటే నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

ఇప్పుడు రూనే మళ్లీ కబురు పెట్టాడు. ఊబి అడుగున గట్టి మెట్ట ఒకటి ఉండాలట కదా, మీ మంచు స్కూటర్ ఎక్కడో దాటుతోంది కదా, ఈ నెలాఖరు గురువారం వస్తాను, చూపించు అని. ఉంది మెట్ట. యంత్రాన్ని కూడా మోస్తుంది. మీ తాత దాని మీద దారి గుర్తుగా కొమ్మలు పాతాడు, మీ నాన్న పాతాడు, ఏటా ఆకురాలే కాలంలో నువ్వు మోపు మోస్తే వీడు పాతేవాడు. ఆ కొమ్మల్నే తడుముకుంటూ నేను ఈ గుడ్డి కళ్లతో రోడ్డుకి పోయొస్తున్నాను.

మనవాళ్లు దారి అడిగినవాడికి లేదన్నది ఎప్పుడూ లేదు. మాతో మాటల్లేని వాళ్లకి కూడా మీ తాత ముందు నడిచి దాటించేవాడు. వెనక వచ్చేవాడు ఎవడైనా సరే, వాడి కోసమే ఆ కొమ్మలు.

వీడు నన్నడుగుతున్నాడు ఏం చెయ్యమంటావని. నాకు తెలియదమ్మా. ఇంత వయసొచ్చాక నాకు తెలియదని చెప్పాల్సి రావడం నాకు ఒళ్లు మంటగా ఉంది. నిన్ను అడక్కుండా ఒకటి చేశాడు. ఇదైనా అడగనీ అని రాయిస్తున్నాను.

బిరెత్

(రిస్తిన్, చెవులు మేకు మీదినుంచి తీసి నాన్న పెట్టెలో పెట్టాను.)


ఉమియో,
మార్చి

అన్నయ్యా,

అత్త అడిగించింది కాబట్టి రాస్తున్నాను.

చూపించకు అని రాయడం తేలిక. రాసి చింపేశాను. తాత నడిచినట్టు నడువు అని కూడా రాయలేను, అడవి నా కళ్ల ముందు పడిపోతుంది. ఇక్కడ కూర్చుని నీచేత మాట తప్పించి, మురికి నీ చేతికి అంటించి, నా చేతులు శుభ్రంగా ఉంచుకోనా? లైబ్రరీలో చేతులు కడుక్కోవడానికి వేడినీళ్లు కూడా ఉన్నాయి.

ఒక్కటి చెప్పగలను. దారి కొమ్మలు వాళ్ల కోసం పాతలేదు మనం. వెనక వచ్చేవాళ్ల కోసం పాతాం. రూనే మన వెనక వస్తున్నవాడు కాదు. మన మీదుగా వస్తున్నవాడు.

నువ్వు ఏం చేసినా ఈసారి దాచకు. వంకర అక్షరాల్లోనే రాయి.

రిస్తిన్


సోల్యావ్రి గుడిసె,
మార్చి చివర

రిస్తిన్‌కి,

బుధవారం పొద్దున కొమ్మలన్నీ పీకేశాను. రోడ్డు వైపునుంచి మొదలుపెట్టి ఇటు గట్టుదాకా. కొన్ని మంచులో బిగుసుకుపోయి రాలేదు. గొడ్డలితో మొదలంటా కొట్టాను. మోపు కట్టి ఇంటికి తెచ్చేసరికి గాలి లేచి స్కూటర్ జాడలు కూడా కప్పేసింది. అత్త మంగళవారమే కంటి మందు కోసం ఊళ్లోకి వెళ్లింది. తిరిగొచ్చేలోపు పని అయిపోవాలనుకున్నాను.

గురువారం రూనే వచ్చాడు. ఇద్దరం రోడ్డు చివర నిలబడ్డాం. దిగబడ్డ యంత్రాన్ని అంతకుముందే లాగేశారు, ఆ గుంటలో నల్లటి నీళ్లు ఊరుతున్నాయి.

"ఎటునుంచి?" అన్నాడు.

"దారి లేదు" అన్నాను.

"నువ్వెలా దాటుతున్నావు మరి?"

"స్కూటర్ తేలిక. ఎటైనా పోతుంది."

నా ముఖం వైపు చూశాడు. "మీవాళ్లు దారి అడిగితే కాదనరని విన్నానే. మీ నాన్న అయితే ముందు నడిచేవాడు."

"ఉంటే నేనూ నడిచేవాణ్ణి."

నమ్మలేదు. నమ్మలేదని నాకూ తెలుసు. కాఫీ పోశాడు, తాగలేదు. పోతూ పోతూ అద్దం దించి, "వచ్చే చలికాలం గట్టిగా గడ్డకడుతుంది నీలాస్, అప్పుడు మాకు నీ దారి అక్కర్లేదు. సంతకం మాత్రం అలాగే ఉంటుంది" అన్నాడు.

అదీ సంగతి. అడవి ఈ ఏటికి నిలిచింది. మన దుప్పుల్ని చంపిన వెచ్చదనమే దాన్ని నిలబెట్టింది. ఇక వచ్చే ఏడు నేనేం కోరుకోవాలి చెప్పు? చలి బిగిస్తే మంద బతుకుతుంది, యంత్రాలు వస్తాయి. చలి రాకపోతే అడవి ఉంటుంది, మంద చస్తుంది. చలికాలం రావాలని కోరుకోవడానికి కూడా లేకుండా చేశారు మనల్ని. నా కోపమంతా ఇప్పుడు దాని మీదే ఉంది. రూనే మీద కూడా లేదు.

శుక్రవారం బస్సుకి అత్త దిగింది. నేను ఎదురెళ్లాలనుకున్నాను, ఒక దుప్పి నేను పీకి పడేసిన వల కంచెలో చిక్కుకుంటే ఆలస్యమైంది. వెళ్లేసరికి అవతలి గట్టున నిలబడి ఉంది. చేతికర్ర ముందుకు చాపి, గాల్లో అటూ ఇటూ తడుముతోంది. మొదటి కొమ్మ ఉండాల్సిన చోట. ఎంతసేపటినుంచి తడుముతోందో.

"ఎవర్రా తీసింది?" అంది నా అడుగుల చప్పుడు విని.

"నేనే అత్తా."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. కర్ర చంకలో పెట్టుకుని, నా వెనక్కొచ్చి, నా బెల్టు పట్టుకుంది. "అయితే నువ్వే నడువు" అంది. మెట్ట మీద దారంతా నా నడుం వదల్లేదు. మధ్యలో ఒకసారి, "మీ తాత ఇక్కడే ఎడమకి తిరిగేవాడు" అంది. నేను అప్పటికే తిరిగాను.

నీ మాట నిజమే, వాళ్ల కోసం పాతలేదు. కానీ పీకేటప్పుడు ఏ కొమ్మ ఎవరి కోసమో విడదీయడం కుదరలేదు.

సెలవులకి వస్తావని అత్త అంటోంది. వస్తే ఏ బస్సుకో ముందే రాయి. రోడ్డు చివర దిగి అక్కడే ఆగు, నీకు దారి తెలుసని ఒక్కదానివే అడుగు వేయకు. గుర్తులు లేవు. నేను వచ్చి నిలబడతాను.

నీలాస్